తట్టినా తెరవని తలుపు

సాయంత్రం నాలుగింటికి ఎస్సైగారు వస్తారు, ఈలోగా మీరేం తేలుస్తారో తేల్చుకోండి అన్నాడు ఫణికిరణ్. మాట నాతో, చూపు మాత్రం తన ఫోన్లో. అప్పటికి ఒంటిగంట దాటింది. ఏలూరు నుంచి ఎండనపడి వచ్చినదాన్ని, మంచినీళ్ళు కావాలా అని కూడా అడక్కుండా గడువు పెట్టాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండింది. అయినా మా జిల్లాలో పుట్టిన నోటికి మర్యాద తప్పదు కదా, "అలాగేనండి" అన్నాను.

అతనిది తాడేపల్లిగూడెం. ఆకివీడు రొయ్యల రైతుల సంఘానికి కంప్యూటర్లు, వైర్లు అన్నీ అమర్చింది అతనే. సంఘం ఆఫీసు వెనకగదిలో ఒక సర్వరు ఉంది, దానిలో సంఘం వెబ్‌సైటు ఉంది. రొయ్య రేట్లు ఎవరైనా ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు. చెరువుల్లో గాలి కలిపే చక్రాలను, అంటే ఏరేటర్లను, ఆపాలన్నా తిప్పాలన్నా మాత్రం అడ్మిన్ పేజీ ఒకటి వేరే ఉంది. ఆ పేజీ ఆఫీసు ఇంటర్నెట్ లైను మీద తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా కట్టడి చేసింది బ్లెస్సీ. సర్వరు బాగోగులు చూసే ఉద్యోగి ఆ పిల్లే. పాస్‌వర్డు కూడా తన ఒక్కదాని దగ్గరే ఉంది.

మొన్న ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున ఎవరో ఆ పేజీలోకి వెళ్ళి బుల్లిరాజు చెరువు చక్రాలు ఆపేశారు. ఆ వేళప్పుడు నీళ్ళలో ప్రాణవాయువు అసలే తక్కువ. పొద్దెక్కేసరికి రొయ్యంతా చచ్చి గట్టుకి చేరింది. ఆపమన్న ఆజ్ఞ ఆఫీసు లైను మీదినుంచే వచ్చిందనీ, బ్లెస్సీ పేరు మీదే వచ్చిందనీ ఫణికిరణ్ కాగితం తీసి చూపించాడు. బుల్లిరాజు కేసు పెట్టాడు. ఇవాళ మంగళవారం. నాలుగింటికి ఆ పిల్లని తీసుకుపోతారు.

నాకీ పని అప్పగించింది బ్లెస్సీ వాళ్ళమ్మ సుగుణ. చర్చిలో బైబిలు స్త్రీ, ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చేసే మనిషి. నిన్న మా ఇంటికొచ్చి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నా కూతురు ఆ పని చెయ్యలేదండి లక్ష్మీదుర్గగారూ అంది. తల్లులందరూ అదే అంటారు. పదిహేనేళ్ళుగా పెళ్ళి సంబంధాలకి ఆరాలు తీసి తీసి నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. కానీ ఈవిడ ఏడవలేదు, బతిమాలలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పి ఊరుకుంది. అందుకే వచ్చాను.

సంఘం ప్రెసిడెంటు నాగేశ్వరరావుగారు పెద్దమనిషి. వెనకగది తాళంచెవి తన జేబులోనే పెట్టుకున్నారు. నిన్నటినుంచి ఆ చెవి ఇమ్మని ఫణికిరణ్ మూడుసార్లు అడిగాడట, మెషీన్ శుభ్రం చెయ్యాలని. ఎస్సైగారు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వనన్నారట ఈయన. మంచిపని చేశారండి, నాకూ ఇవ్వకండి అన్నాను. ఫణికిరణ్ ఫోన్లోంచి తలెత్తి మొదటిసారి నన్ను చూశాడు.

బ్లెస్సీతో వేరేగా మాట్లాడాను. ఇరవై ఆరేళ్ళుంటాయి. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. అడిగినవాటికి టకటకా జవాబు చెప్పింది. అవునండి, ఆఫీసు లైను తప్ప తెరుచుకోదండి. అవునండి, పాస్‌వర్డు నాదేనండి. ఆ రోజు ఆఫీసు తాళాలు నా దగ్గరే ఉన్నాయండి. చక్రాలు ఆగింది నాలుగూ యాభైకి, నేను అప్పుడు ఎదురుగా బుల్లిరాజుగారి చెరువుగట్టు మీద ఈస్టర్ ఆరాధనలోనే ఉన్నానండి, కానీ మధ్యలో వచ్చి వెళ్ళుండొచ్చు కదండీ అంది.

ఎవరమ్మా వచ్చి వెళ్ళుండొచ్చు, నువ్వా అన్నాను. ఇరవయ్యేళ్ళ పిల్లలు అబద్ధం ఆడతారు, అరవయ్యేళ్ళవాళ్ళూ ఆడతారు, కానీ తన మెడకి తనే తాడు బిగించుకునే అబద్ధం నేను వినలేదు.

నా ఫోను తీసి వీడియో పెట్టాను. చర్చివాళ్ళు ఆ ఆరాధనను లైవ్ ఇచ్చారు, అది ఇంకా నెట్‌లో ఉంది. వస్తూ దారిలో రెండుసార్లు చూశాను. చీకట్లో గట్టు మీద తెల్లచీరల గాయక బృందం, వెనకాల చక్రాల మోత. పాస్టరుగారు అందరూ మౌనంగా ప్రార్థిద్దాం అంటారు. కాసేపటికి ఆ మోత ఆగిపోతుంది. ఆగిన క్షణాన బ్లెస్సీ ముందువరసలో ఉంది, రెండు చేతుల్తో కొవ్వొత్తి పట్టుకుని. ఫోను లేదు, కదలిక లేదు.

ఇది చూశాక ఎవరైనా ఏం చెయ్యాలి? అమ్మయ్య అనాలి. ఈ పిల్ల మొహం మాడిపోయింది.

"లైవ్ ఆలస్యంగా వస్తుందండి. దాన్నిబట్టి చెప్పలేం" అంది.

ఆలస్యంగా వస్తే బొమ్మా, శబ్దం రెండూ కలిసే ఆలస్యంగా వస్తాయి కదమ్మా, నాకు ఆ మాత్రం తెలీదా అన్నాను. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల భయం జైలు గురించి కాదు. నీ ఫోను ఆ టైములో ఎక్కడుంది అని అడిగాను. "నేనే చేశానని రాసుకోండి మేడమ్" అంది. గడుసుదనం కాదది. ప్రాధేయపడింది.

చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటాను. ఆఫీసుకి ఎదురుగానే బుల్లిరాజు చెరువు. వాసన గురించి చెప్పను, అన్నం తినేవేళ చదివేవాళ్ళు ఉంటారు. బుల్లిరాజు గట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కేసు పెట్టినవాడు కదా, నన్ను చూసి చిరాకు పడతాడనుకున్నాను. లేచి నిలబడి, రండమ్మా అని తన తువ్వాలు పరిచాడు.

ఏటా ఈస్టర్‌కి చర్చివాళ్ళు ఇక్కడే సూర్యుణ్ణి చూస్తూ ఆరాధన చేసుకుంటారట. తూర్పుగట్టు ఇదొక్కటే ఖాళీగా ఉంటుంది కాబట్టి తన తండ్రి కాలంనుంచీ ఇస్తున్నారట. తను రాజుల బిడ్డ, వాళ్ళది వేరే దేవుడు, అయినా ఆ పూట పిల్లలకి పంచేందుకు పులిహోర వీళ్ళింటినుంచే వెళ్తుందట. ఆ రోజూ వెనక నిలబడ్డాడు.

"మోత ఆగిందండి. కరెంటు పోయిందనుకున్నాను. పక్కవాళ్ళూ అదే అన్నారు. ఎంత హాయిగా ఉందో అనుకున్నానండి ఆ నిశ్శబ్దం. సిగ్గులేకుండా నిలబడి అదే విన్నాను."

తరవాత పులిహోర పంచుతూ కరెంటు కోసం ఎదురుచూశాడు. మా వైపు కరెంటు పోవడం కొత్తా? పోతుంది, వస్తుంది. అయినా ఎంతకీ రాకపోతే స్విచ్చి పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. పెట్టె తెరిస్తే కరెంటు ఉంది. అప్పటికే రొయ్య తేలిపోతోంది, చేత్తో వేద్దామంటే స్విచ్చి లేదు. ఫణికిరణ్ తీసేయించాడు. ఒక ఇంటికి రెండు గుమ్మాలుంటే దొంగకి సుఖం, అన్నీ కంప్యూటర్లోంచే ఉండాలి అని చెప్పి ప్రతి చెరువు దగ్గరా ఊడబీకించాడట. చెబుతూ చెబుతూ ఆ మనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

వెళ్ళబోతూ పైకి చూశాను. గట్టు మీది స్తంభానికి తెల్లటి డబ్బా ఒకటి, వాన తగలకుండా ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. దాన్నుంచి నల్లవైరు రోడ్డు మీదుగా సంఘం ఆఫీసు కిటికీలోకి పోయింది. అదేమిటండీ అన్నాను. లైవ్ కోసం మా ప్రెసిడెంటుగారే వైఫై ఇప్పించారమ్మా, ఫోన్లకి సిగ్నల్ అందట్లేదని అన్నాడు.

చాలు. ఆఫీసు లైను ఆఫీసు నాలుగ్గోడల మధ్యే ఉందని ఫణికిరణ్ చెప్పిందంతా ఆ వైరుతోపాటు రోడ్డు దాటి బయటికొచ్చేసింది. గట్టు మీద ఆ డబ్బాకి కలిసిన ప్రతి ఫోనూ సర్వరు కంటికి ఆఫీసులో ఉన్నట్టే లెక్క. పక్కింటివాళ్ళకి కాస్త లైను ఇవ్వడం మనకి తప్పుగా తోచదు. పంచదార ఇస్తాం, పేపరు ఇస్తాం, ఇదీ అంతే. నాగేశ్వరరావుగారిని అడిగితే, పండక్కి అడిగారండి, వద్దంటామా, దానికీ దీనికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదే అని నిజంగానే బాధపడ్డారు.

బుల్లిరాజుని వెంటబెట్టుకుని వచ్చి అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాను. సుగుణ కూతురికి అన్నం కేరేజీ తెచ్చి గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఉంది. గోడ గడియారం నాలుగుకి దగ్గర పడుతోంది. డబ్బా సంగతి చెప్పగానే ఫణికిరణ్ నవ్వాడు. మీరు మీ పెళ్ళి సంబంధాలు చూసుకోండి మేడమ్, ఇది మీకు అంతుపట్టే విషయం కాదు, గట్టు మీదినుంచి వచ్చినా గదిలోంచి వచ్చినా వాడింది బ్లెస్సీ పేరే కదా అన్నాడు. నిజమే. మాట పడ్డాను. పడి, మెల్లగా ఒకటి అడిగాను.

చక్రాలు ఆగిన సంగతి మీకు ఎలా తెలిసిందండీ?

ఆరున్నరకి లేచాను, పక్కమీదే ఫోన్లో పేజీ చూశాను, వెంటనే ప్రెసిడెంటుగారికి ఫోను చేశాను అన్నాడు. నిన్నా అదే చెప్పాడట, కాగితం మీద కూడా అదే రాసిచ్చాడట.

"తాడేపల్లిగూడెంలో, మీ మంచం మీద పడుకునా?"

అవునన్నాడు.

"ఆఫీసు లైను తప్ప ఇంకెక్కడా తెరుచుకోని పేజీ మీ మంచం మీద ఎలా తెరుచుకుందండీ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది. నాగేశ్వరరావుగారు కుర్చీలో ముందుకి జరిగారు. పని పూర్తయ్యాక బయటివాళ్ళెవరికీ దారి ఉండకూడదని కమిటీ తీర్మానించిందనీ, ఫణికిరణ్ ఇంటి లైనుని బ్లెస్సీ తీసేసిందనీ, అతను కూడా సరేనని సంతకం పెట్టాడనీ ఆయన చెప్పారు. ఫణికిరణ్ మాట మార్చాడు. సరేనండి, మరమ్మతుల కోసం ఒక దారి ఉంచుకున్నాను, చూడటం నేరం కాదు, ఆపింది నేను కాదు, ఆపిన ఆజ్ఞ ఇక్కడిదే అన్నాడు. ఊళ్ళవాళ్ళ స్విచ్చులు ఊడబీకి, తనకి మాత్రం దొడ్డిగుమ్మం పెట్టుకున్నాడన్నమాట.

కాగితం అందుకున్నాను. ఆ పొద్దున పేజీలోకి ఎవరెవరు వచ్చారో అందులో ఉంది.

"లోపలికి వచ్చినవాళ్ళని చూపించారు. గుమ్మందాకా వచ్చి తిరిగిపోయినవాళ్ళ మాటేమిటండీ? వాళ్ళని సర్వరు గుర్తు పెట్టుకోదా?"

అలాంటివేం ఉండవు అన్నాడు ఫణికిరణ్.

"ఉండవండి" అంది బ్లెస్సీ, అదే క్షణంలో.

నేరం మోపినవాడూ, నేరం మోయబోతున్న పిల్లా ఇద్దరూ ఒకే మాట అన్నారు. అతనికి ఎందుకు వద్దో నాకు అర్థమైంది. ఈ పిల్లకి ఎందుకు వద్దు? మంచం ప్రశ్న నాకు తట్టింది గానీ, ఆ పేజీకి తాళం వేసిన పిల్లకి తట్టదా? నిన్ననే తట్టి ఉంటుంది. నోరు తెరిస్తే అతను దొరికిపోతాడని తెలిసీ ఊరుకుంది. అతనితోపాటు ఇంకెవరో బయటపడతారు కాబట్టి. చేతిలో కొవ్వొత్తి పట్టుకునే ఆడపిల్ల ఫోను ఎక్కడ పెడుతుంది? నా బుర్రకి ఇంతసేపు పట్టింది. నాకు డబ్బు ఇచ్చేవాళ్ళని అనుమానించని పాడు అలవాటొకటి ఉంది. వీడియోలో సుగుణ ఒక పక్కగా నిలబడి ఉంది, చంకలో చేతిసంచి, చేతిలో ఫోను. రెండుసార్లు చూసి రెండుసార్లూ వదిలేశాను.

బ్లెస్సీని పక్కకి తీసుకెళ్ళి నీకు తెలుసు కదా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మకి తెలీదు మేడమ్. కరెంటు పోయిందనే అనుకుంటోంది ఇప్పటికీ. బుల్లిరాజుగారి చెరువు తన వల్ల చచ్చిందని తెలిస్తే మా అమ్మ బతకదు. నేను నాలుగు రోజులు లోపలుంటే ఏమవుతుంది?"

నాలుగు రోజులు కాదమ్మా అన్నాను. నన్ను నమ్మి వచ్చిన తల్లిని బయట కూర్చోబెట్టి, ఆవిడ కూతుర్ని విడిపించాలంటే ఆవిడ గుండెల్లోనే గుచ్చాలి. ఈ ఉద్యోగం మీద నాకు అసహ్యం వేసిన రోజులు కొన్ని ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి. కానీ ఒక్క మాట అడిగాను. మీ అమ్మ ఆపిందే అనుకో, మళ్ళీ ఎందుకు వెయ్యలేదు? దాని జవాబు లోపల మెషీన్లో ఉంది, అది మీ అమ్మని నిలబెడుతుందో పడగొడుతుందో చూద్దాం, నీ పేరు మీద దాచిపెడితే ఎప్పటికీ తెలీదు అన్నాను. బ్లెస్సీ నాగేశ్వరరావుగారి దగ్గరికి వెళ్ళి తాళంచెవికి చెయ్యి చాపింది.

మెషీన్ని ముద్దాయి ముట్టుకోకూడదని ఫణికిరణ్ అడ్డం వచ్చాడు. మేమందరం చూస్తూ ఉంటామండి, మీరు దగ్గరుండి చదివి చెప్పండి అన్నాను. గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఎస్సైగారు వచ్చేశారు. కూర్చోండి అంటే కూర్చోలేదు, కానివ్వండి అని తలుపుకి ఆనుకుని నిలబడ్డారు.

బ్లెస్సీ తెర మీదికి తెచ్చింది. నాలుగూ యాభైకి తన ఫోన్నుంచే ఆపమన్న ఆజ్ఞ. అది మాకు తెలిసిందే. అయిదు దాటి అయిదు నిమిషాలకి, అనుమతుల పట్టీలోంచి ఆఫీసు లైను తీసివేత. తీసింది ఆఫీసులోంచి కాదు, ఫణికిరణ్ ఇంటి గూడెం లైనునుంచి. ఆ తరవాత వరసగా తిరస్కారాలు. బుల్లిరాజు చెరువు చక్రాలు తిప్పు, అనుమతి లేదు. తిప్పు, అనుమతి లేదు. తిప్పు, అనుమతి లేదు. తెర కిందిదాకా అదే, అన్నీ బ్లెస్సీ ఫోన్నుంచే. ఆరూ ఇరవైకి గూడెంనుంచే ఆఫీసు లైను మళ్ళీ పట్టీలోకి వచ్చి కూర్చుంది, ఏమీ జరగనట్టు.

ఆరున్నరకి లేచారన్నారు కదండీ అన్నాను. ఫణికిరణ్‌కి చెమటలు పట్టాయి. ఎవరో దొంగతనంగా చొరబడ్డారనుకున్నాను, కాపాడదామనే తలుపు వేశాను అన్నాడు. మొదటి నిమిషంలో అలా అనుకుని ఉండొచ్చు, కాదనను. కానీ తలుపు వేసినవాడికి, తట్టేవాళ్ళు ఏమడుగుతున్నారో కూడా కనపడుతుంది. దొంగ ఆపుతాడు గానీ తిప్పమని బతిమాలతాడా? ఈ పిల్ల చేతకానిదని తేలితే సర్వరు మళ్ళీ తన చేతికి వస్తుంది. అలా తేలాలంటే నష్టం జరగాలి. నష్టం అయ్యేదాకా ఉండి, అప్పుడు తలుపు తీసి, అప్పుడు ప్రెసిడెంటుకి ఫోను చేశాడు. ఈ మాటలు నేను ఎస్సైగారికేసి చూసి చెప్పాను.

"అయినా ఆ ఫోను ఆమెదే కదా. ఆపింది ఎవరు మరి?" అన్నాడు ఫణికిరణ్. గొంతు పెద్దది చేశాడు గానీ ఆనడానికి అతనికి మిగిలింది అదొక్కటే.

"ఫోను ఇదేనా అమ్మా?" అంది సుగుణ, కూతురి ఫోను చూపించి.

అందరం తిరిగి చూశాం. ఆవిడ ఎప్పుడు లేచిందో, మా వెనకే నిలబడి తెరకేసి చూస్తోంది. అమ్మా నువ్వు బయటికి వెళ్ళు అని బ్లెస్సీ ఏడుస్తూ ఆవిడ భుజాలు పట్టుకుంది. సుగుణ ఆ చేతుల్ని నెమ్మదిగా తీసేసింది. పాటకి నిలబడుతూ ఫోను నాకిచ్చింది కదండీ అని మొదలుపెట్టింది. పాస్టరుగారు మౌనంగా ప్రార్థిద్దాం అన్నారు, ఆ మోతలో ఎవరికీ మనసు నిలవడం లేదు. అమ్మాయి రోజూ ఈ పేజీలో చెరువు బొమ్మ మీద నొక్కుతుంటే చూసేదాన్ని. పాస్‌వర్డేమీ అడగలేదు, కాసేపే కదా అని నొక్కాను. ఆగింది. ప్రార్థన అవ్వగానే మళ్ళీ నొక్కాను. తెల్లటి పేజీ వచ్చి, ఏదో ఇంగ్లీషులో రాసుంది, నాకు రాదు కదండీ. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. ఈలోగా అందరూ కరెంటు పోయిందన్నారు. ఓహో, అందుకే రావట్లేదు, కరెంటొస్తే అదే తిరుగుతుంది అనుకున్నాను. అయినా మనసొప్పక, పులిహోర తినే పిల్లల మధ్య నిలబడి నొక్కుతూనే ఉన్నాను.

చెప్పడం అయ్యాక బుల్లిరాజుకేసి తిరిగింది. రెండు చేతులూ జోడించింది. బుల్లిరాజు ఆ చేతుల్ని చూడలేక మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను గట్టిదాన్నని పేరు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఎస్సైగారు జేబులోంచి పెన్ను తీశారు. ఎవరి పేరు రాయాలో అని చూస్తున్నారు. సుగుణ ఆయన్ని పట్టించుకోలేదు. ఫణికిరణ్ దగ్గరికి వెళ్ళింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇళ్ళల్లో జబ్బుపడ్డవాళ్ళని పలకరించే గొంతుతోనే అడిగింది.

"అన్నిసార్లు నొక్కాను కదా బాబూ. నీకు కనపడలేదా?"

ఫణికిరణ్ తెరకేసి చూశాడు, ఎస్సైగారికేసి చూశాడు. అబద్ధం ఏదో నోటిదాకా వచ్చినట్టే ఉంది. ఆవిడ మాత్రం కదలకుండా అతని జవాబు కోసం నిలబడింది. చివరికి అతను తల దించుకున్నాడు.

"కనపడిందండి" అన్నాడు.